తుడవని కారు ఖరీదు

2015 ఫిబ్రవరి 6న పారిస్‌లో, రెట్రోమొబిల్ ప్రదర్శన సందర్భంగా, ఆర్ట్‌క్యూరియల్ అనే వేలం సంస్థ 59 పాత కార్లను అమ్మకానికి పెట్టింది. వాటిలో చాలావాటికి ఇంజను తిరగదు. టైర్లు నేలకు అంటుకుపోయాయి. కొన్నింటి అడుగు రేకు తుప్పు తిని రాలిపోయింది. అమ్మేవాళ్లు వాటికి మరమ్మతు చేయించలేదు సరికదా, గుడ్డపెట్టి తుడవను కూడా తుడవలేదు. అయినా అన్నీ అమ్ముడుపోయాయి, మొత్తం రెండున్నర కోట్ల యూరోలు దాటింది. అందులో ఒక్క ఫెరారీయే, 1961 నాటి 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, దాదాపు 1.63 కోట్ల యూరోలకు పోయింది. అప్పటి మారకం రేటు ప్రకారం వంద కోట్ల రూపాయలకు పైమాటే. కొట్టంలో నిధి దొరికిందంటూ ప్రపంచమంతా పత్రికలు రాశాయి. నిధి కథలు ఎప్పుడూ ఉండేవే. నలభై, యాభై ఏళ్ల కిందట ఇదే పని జరిగి ఉంటే, వేలానికి ముందు ఆ కార్లకు కనీసం రంగు వేయించి ఉండేవారు. అలా వేయిస్తే ధర తగ్గుతుందని ఆ మధ్యకాలంలో వ్యాపారానికి ఎలా తెలిసివచ్చిందన్నదే చరిత్రగా చెప్పుకోదగ్గ సంగతి. నా అభిప్రాయం ఇది: ముట్టుకోని పాత కారును కొనేవాడు డబ్బు పెట్టేది సాక్ష్యం మీద. దుమ్ము ఆ సాక్ష్యం మీద పడ్డ సీలు లాంటిది. దానంతట దానికి విలువ లేదు, కానీ దాన్ని ఎవరు చెరిపినా కింద ఉన్నదాని మీద అనుమానం మొదలవుతుంది.

ఆ కార్లు పోగేసిన రోజే బాయోన్ పశ్చిమ ఫ్రాన్స్‌లో, ద-సెవ్ర్ ప్రాంతంలో లారీల రవాణా వ్యాపారి. యంత్రాల మీద మోజున్నవాడు. సొంతంగా తయారు చేసుకున్న, నీలిపిట్ట అని పేరు పెట్టుకున్న రోడ్‌స్టర్‌ను 1947లో పారిస్ మోటార్ షోలో నిలబెట్టాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు శ్రీమంతుల కోసం తయారైన ఇస్పానో-సూయిజాలు, బుగాటీలు, దెలాయేలు, టాల్బో-లాగోలు 1950లలో ఎవరికీ అక్కర్లేని బరువైన, పెట్రోలు తాగే పాత బళ్లు. చాలావాటి దారి తుక్కు కొట్లకే. అలా పోతున్నవాటిని తెచ్చి మ్యూజియం పెట్టాలనేది బాయోన్ కోరిక. ఒకప్పుడు ఈజిప్టు రాజు ఫరూక్‌దైన టాల్బో-లాగో కూడా ఆయన దగ్గరికి చేరింది. కానీ 1970లలో వ్యాపారం దెబ్బతింది, కొన్ని కార్లను అప్పుడే అమ్మేయాల్సి వచ్చింది, మ్యూజియం మాట అటకెక్కింది. మిగిలినవి రేకుల పందిళ్ల కింద, కొన్ని పక్కగోడలైనా లేనిచోట, తీగలు అల్లుకుంటూ ఉండిపోయాయి. వారసులు 2014లో వేలం సంస్థను పిలిచినప్పుడు ఆ ఫెరారీ మూసి ఉన్న ఒక గదిలో, ఒక మసెరాటి పక్కన, పాత పత్రికల కట్టల కింద ఉంది. ఒకప్పుడు నటుడు అలన్ దెలాన్ నడిపిన కారు అది. బాయోన్ దాన్ని 1971లో కొన్నాడు.

ముట్టుకోని కారు విలువను సరిగా అర్థం చేసుకోవాలంటే యుద్ధానికి ముందరి విలాసపు కార్లు ఎలా పుట్టేవో గుర్తుంచుకోవాలి. రోల్స్-రాయిస్ గానీ బెంట్లీ గానీ కొనుగోలుదారుకు ఇచ్చేది ఛాసిస్, ఇంజను, ముందున్న రేడియేటర్. పైన కూర్చునే భాగం కట్టేది వేరే కంపెనీ. గుర్రపుబళ్లు కట్టిన వాళ్ల వారసులే కర్ర చట్రం చేసి, దానిమీద అల్యూమినియం రేకు సాగగొట్టి, కొన్నవాడి ఇష్టప్రకారం సీట్లు, దీపాలు, పెట్టెలు అమర్చేవారు. కాబట్టి ఒకే మోడల్ కార్లు రెండు అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు. సేకర్తలు పెరిగి పాత కార్ల మోజు మొదలైనప్పుడు ఈ తేడాలే మొదట బలయ్యాయి. 1919లో మొదలై 1931లో చేతులు మారిన పాత బెంట్లీ కంపెనీ సంగతి చూడండి. అది ఫ్రాన్స్‌లోని ల మాన్ కార్ల పందెంలో 1924లో ఒకసారి, 1927 నుంచి 1930 వరకు వరసగా నాలుగుసార్లు గెలిచింది. దాంతో ప్రతివాడికీ ఆ టాపు లేని పందెపు కారు రూపమే కావాల్సి వచ్చింది. వైద్యులూ వ్యాపారులూ చలికీ వానకీ తట్టుకోవడానికి కట్టించుకున్న, తలుపులు మూసుకునే సెలూన్ బాడీలను ఊడబీకి పారేసి, వాటి ఛాసిస్‌ల మీద ల మాన్ నమూనాలో కొత్త బాడీలు ఎక్కించారు. నేడు రోడ్డు మీద కనిపించే బెంట్లీలను చూసి 1920ల ఇంగ్లండులో అందరూ టాపు లేని కార్లలోనే తిరిగారనుకుంటే తప్పు చూసేవాడిది కాదు.

అమెరికాలోని పెబుల్ బీచ్‌లో కార్ల అందాల పోటీ 1950లో మొదలైంది. మొదటి ఏళ్లలో బహుమతి కొత్త కార్లకే. 1955లో రేసింగ్ డ్రైవరు ఫిల్ హిల్ బాగుచేయించి తెచ్చిన 1931 నాటి పియర్స్-ఆరో గెలిచింది. ఆ తర్వాత నడిచిందంతా మెరుపు యుగం. లోపలి నుంచి ప్రతి మరా విప్పి, క్రోమియం పూతలు వేయించి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాడు కూడా లేనంత నునుపుగా రంగు పట్టించి, తోలు మార్చి, ఇంజను గదిలో అద్దంలా ముఖం చూసుకునేలా చేసేవారు. ఆ పనిలో గొప్ప నైపుణ్యం ఉంది, కాదనను. కానీ పాత రంగు గీకిన చోట దాని కింది పొర, దాని కింద మరో పొర, రంగు మార్చిన సందర్భం అన్నీ పోయాయి. సీటు తోలు తీసేసినప్పుడు దాని కింద పడ్డ పార్కింగు చీటీ, కుట్టు తీరు, కుట్టినవాడి గుర్తు పోయాయి. కాగితాల్లో రాసుకోనివన్నీ కారులోనే రాసి ఉంటాయి. వాటిని చదవకముందే చెరిపేశారు.

ఈ నష్టం ఎలాంటిదో న్యూకాజిల్ బుగాటి కథ చెబుతుంది. బుగాటి టైప్ 57ఎస్ అటలాంత్‌లు మొత్తం 17 తయారయ్యాయి. వాటిలో ఒకటి 1937లో ఎర్ల్ హోవ్ చేతికి వచ్చింది. 1931లో ల మాన్ గెలిచిన జంటలో ఒకడు ఆయన. ఆ కారుకు ముందూ వెనకా బంపర్లు, తలుపు స్తంభాల మీద అద్దాలు, వెనుక సామాను పెట్టుకునే చట్రం ఆయనే బిగించుకున్నాడు. తర్వాతి యజమాని ఒకరు ఇంజనుకు గాలి ఎక్కించే సూపర్‌చార్జర్ పెట్టించాడు. 1955లో ఒక ఎముకల వైద్యుడు కొని, కొన్నేళ్లు తిప్పి, 1960ల మొదట్లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో తన గరాజులో పెట్టేశాడు. ఆయన 2007లో పోయేదాకా అది అక్కడే ఉంది. 2009లో బోన్హామ్స్ దాన్ని పారిస్‌లో 34 లక్షల యూరోలకు పైగా అమ్మింది. ఆ కారు 1970లలో ఒక మంచి పనివాడి చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. బంపర్లు కేటలాగులో లేవని తీసేసేవాడు, అద్దాలు బుగాటివి కావని పక్కనపెట్టేవాడు, 1937 నాటి ఫ్యాక్టరీ రూపమని చెప్పి ఫ్యాక్టరీ ఎన్నడూ ఈ యజమానికి ఇవ్వని కారును తయారుచేసేవాడు. ఎర్ల్ హోవ్ దాన్ని ఎలా వాడాడన్నది ఎవరికీ తెలియకుండా పోయేది. ఆ వైద్యుడు దాన్ని ప్రేమతో కాపాడాడని నేను అననుగానీ, ముట్టుకోకుండా వదిలేశాడు. ఆ కాలంలో అంతకంటే మంచిపని చేసినవాళ్లు తక్కువ.

దీనికి వ్యతిరేకంగా గట్టి వాదన ఒకటుంది, అది ఇంగ్లండు హైకోర్టు తీర్పులోనే ఉంది. 1929, 1930లలో రెండుసార్లు ల మాన్ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్‌ను ఓల్డ్ నంబర్ వన్ అనేవారు. 1932లో బ్రూక్‌ల్యాండ్స్ పందెంలో అది ఘోర ప్రమాదానికి గురై, నడిపినతను చనిపోయాడు. తర్వాత దాన్ని కూపేగా మార్చారు, ఇంకోసారి మార్చారు, భాగాలు మారుతూ పోయాయి. 1990లో ఒక సంస్థ కోటి పౌండ్లకు కొంటానని ఒప్పుకుని, ఇది అసలు కారే కాదంటూ వెనక్కి తగ్గింది. యజమాని కోర్టుకెక్కాడు. 1929లో గెలిచిననాటి లోహం అందులో చాలా తక్కువే మిగిలిందని తేలినా, ఆ కారు చరిత్ర ఎక్కడా తెగకుండా కొనసాగింది గనుక ఓల్డ్ నంబర్ వన్ అనే పేరు దానికి చెల్లుతుందని జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పాడు. కొనేవాడు ఒప్పందానికి కట్టుబడాల్సిందే. తెగని పరంపరే అసలుదనం అయితే పాత రేకు కోసం, చిరిగిన తోలు కోసం ఇంత ఆరాటమెందుకు అని ఎవరైనా అడగొచ్చు. తీర్పు న్యాయంగానే ఉందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ కేసు జరిగిన తీరు చూడాలి. ఏ భాగం ఏ ఏడు మారింది, ఏ ఛాసిస్ ఎక్కడి నుంచి వచ్చింది అని కాగితాలు, ఫొటోలు, నిపుణుల సాక్ష్యాలు ఒక్కొక్కటిగా తూకం వేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఇనుము తన మాట తాను చెప్పలేని స్థితికి వచ్చింది. ముట్టుకోని కారు విషయంలో ఆ పని చాలా తేలిక. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజను నంబరు, బాడీ తగిలించిన చోట చెక్క మీద పెన్సిలుతో రాసిన అంకె, అన్నీ ఒకదానికొకటి సరిపోతే వకీళ్లకు పెద్దగా పని ఉండదు. నకిలీ బుగాటీలు, ఒకే ఛాసిస్ నంబరు మీద రెండు కార్లు పుట్టుకొచ్చే ఈ వ్యాపారంలో ఆ నమ్మకానికే ధర.

దుమ్మును ఒక నాటకంలా అమ్ముతున్నారన్నది ఇంకో అభ్యంతరం. ఇది కొంతవరకు నిజమే. పారిస్ వేలానికి ముందు బాయోన్ కార్లను తీసుకొచ్చిన దుమ్ముతోనే దీపాల మధ్య ప్రదర్శించారు, జనం క్యూ కట్టి చూశారు. ఆ ఫెరారీ ధరలో దెలాన్ ముఖం వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. ఇంజను లేవదీయడానికి కూడా పనికిరాని కొన్ని శిథిలాలు అంచనాలను మించి పోయాయంటే అది ఆరోజు హాల్లో ఉన్న వేడే. ఇలాంటి ధరలను నమ్మి తన కొట్టంలో తుప్పును బంగారమనుకునేవాడు మోసపోతాడు. న్యూకాజిల్ బుగాటికి కూడా అమ్మకానికి ముందు పత్రికలు రాసిన అంకెలు పలికిన ధర కంటే బాగా ఎక్కువ. కానీ ఇక్కడే ఒక తేడా గమనించాలి. బాయోన్ సరుకులో ఎక్కువ ధర పలికినవి ఎక్కువ పాడైనవి కావు. ఫెరారీ, దాని పక్కనున్న మసెరాటి గదిలో, పైకప్పు కింద, దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నవి. మసెరాటి దాదాపు 20 లక్షల యూరోలు తెచ్చింది. దుమ్ముకే విలువైతే వానలో తడిసిన కార్లు వాటిని దాటాలి. అలా జరగలేదు. దుమ్ము కింద ఎంత మిగిలిందో కొన్నవాళ్లు చూసుకునే చేతులెత్తారు.

కారు నడవడానికే పుట్టిందని, కదలని కారును దాచుకోవడం శవాన్ని దాచుకోవడమేనని మూడో మాట. యంత్రాలు ప్రేమించేవాళ్లకు ఈ మాట గట్టిగా తగులుతుంది. స్విట్జర్లండ్, ఇటలీ మధ్య మాజోరే సరస్సులో దశాబ్దాల పాటు మునిగి ఉన్న 1925 నాటి బుగాటి బ్రెషియాను 2009లో పైకి తీశారు. ఒక పక్క ఇసుకలో కూరుకుని కొంత మిగిలింది, మరో పక్క నీళ్లు తినేశాయి. అది ఇక ఎన్నటికీ నడవదు. మరుసటి ఏడాది వేలంలో 2,60,500 యూరోలకు పోయింది. కొన్న అమెరికా సేకర్త పీటర్ మలిన్ దాన్ని బాగుచేయించకుండా మ్యూజియంలో ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. దాన్ని కారు అనాలో శిల్పం అనాలో తెలియదు. అన్ని కార్లనూ అలా ఉంచమని ఎవరూ అనరు, నేనూ అనను. పాత కార్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో వెలువరించిన టురిన్ ఒడంబడిక, 1964 నాటి వెనిస్ ఒడంబడిక కట్టడాలకు చెప్పినదాన్నే వాహనాలకు చెప్పింది. మొదట కాపాడు, అవసరమైనంతే బాగుచెయ్యి, చేసినదాన్ని రాసిపెట్టు. బ్రేకులు కొత్తవి వేయొచ్చు, పెట్రోలు ట్యాంకు శుభ్రం చేయొచ్చు, కారు రోడ్డెక్కొచ్చు. కానీ పాత రంగు పోనివ్వకూడదు. నడవడానికీ సాక్ష్యానికీ మధ్య శత్రుత్వమేమీ లేదని 2024లో పెబుల్ బీచే తేల్చింది. ఆ ఏడు పెద్ద బహుమతి 1934 నాటి బుగాటి టైప్ 59 స్పోర్ట్స్‌కు వచ్చింది. ముట్టుకోకుండా కాపాడిన కార్ల వర్గం నుంచి ఆ బహుమతి గెలిచిన మొదటి కారు అదే. గ్రాండ్ ప్రీ కారుగా పుట్టి, తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి చేరి, నల్లరంగు మీద పసుపు చారతో మిగిలింది. 1970ల పనివాడైతే దాన్ని తప్పకుండా ఫ్రెంచి నీలంలోకి మార్చేవాడు. 1955లో ఫిల్ హిల్ తెచ్చిన పియర్స్-ఆరోకు ఇచ్చిన బహుమతి అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది.

ఇంత చెప్పాక నిజాయితీగా ఒప్పుకోవాల్సినది ఒకటుంది. బాయోన్ కార్లను కాపాడింది చరిత్ర మీద గౌరవం కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. బాయోన్ వ్యాపారం బాగా నడిచి ఉంటే ఆయన మ్యూజియం కట్టేవాడు, ఆ కాలపు మర్యాద ప్రకారం ప్రతి కారుకూ కొత్త రంగు వేయించేవాడు, మనకు మెరిసే కార్లు మిగిలేవి. గరాజు ఒక సంరక్షణ శాల అనుకోవద్దు. నిలిచిపోయిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుపోతాయి, పెట్రోలు ఆరి జిగురుగా మారి కార్బురేటర్ దారులు మూస్తుంది, బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి, కర్ర చట్రాన్ని పురుగు, సీట్లను ఎలుక, వైర్లను ఇంకో ఎలుక తింటాయి. దాచిన ప్రతి కారుకూ దాచడం వల్లనే పోయినవి ఎన్నో ఉంటాయి. అందుకే ముట్టుకోకపోవడం, కాపాడటం ఒకటి కాదు. మొదటిది అదృష్టం, రెండోది పని.

మన దేశానికి ఈ కథలో వేరే మలుపు ఉంది. సంస్థానాధీశులు విలాసపు కార్లకు ప్రపంచంలోనే పెద్ద ఖాతాదారులు. 1950లు, 60లలో వాటిని చవగ్గా కొని ఓడలెక్కించిన విదేశీ వ్యాపారులు చాలామంది. 1971లో రాజభరణాలు రద్దయ్యాక అమ్మకాలకు ఒత్తిడి ఇంకా పెరిగింది. తర్వాత 1950కి ముందు తయారైన కార్లు దేశం దాటిపోకుండా ప్రభుత్వం ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. తెలుగునేల మీద సంస్థానాల కార్లలో అందరికీ తెలిసినది హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపు రోల్స్-రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చాడు, 1911లో ఆయన పోయాక ఏడో నిజాం కాలంలో అది చేరింది. లండన్‌లోని బార్కర్ సంస్థ కట్టిన బాడీలో వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దానికి సింహాసనం కారు అని పేరు. ఏ కేటలాగులోనూ లేని ఆ ఎత్తు ఎందుకు కావాల్సి వచ్చిందో, ఊరేగింపులో ప్రజలకు ప్రభువు ఎలా కనబడాలనుకున్నాడో చెప్పేది ఆ కారొక్కటే. ఏ పుస్తకం ఆ సంగతి అంత స్పష్టంగా చెప్పదు.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాత వాహనాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కారుకు గానీ ద్విచక్రవాహనానికి గానీ వింటేజ్ గుర్తింపు ఇవ్వాలంటే అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీ చట్రంలో, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. నంబరు ప్లేటులో రాష్ట్రం గుర్తు తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, మళ్లీ నమోదు చేయించుకుంటే 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు తప్ప రోజువారీ తిరుగుడుకు అది పనికిరాదు. అంటే పారిస్ వేలంపాటలో డబ్బు చెప్పినదాన్నే మన చట్టం అర్హతగా చెబుతోంది.

కాబట్టి మీ తాతగారి షెడ్డులో టార్పాలిన్ కింద ఏదైనా పాత కారు ఉంటే, అమ్మే ఆలోచన వచ్చిన రోజున మొదట మెకానిక్‌ను పిలవకండి, కడగకండి, సెల్ఫ్ కొట్టి చూడకండి. ఉన్న చోటే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రాసుకోండి. ఆర్‌సీ బుక్కు, పన్ను రసీదులు, పాత సర్వీసు బిల్లులు, కారు పక్కన ఇంట్లోవాళ్లు దిగిన ఫొటోలు ఒకచోట చేర్చండి. డిక్కీలో దొరికిన జాకీ, పానాలు పారేయకండి. కొనేవాడు వచ్చి రంగు వేయిస్తే ఇంకా ఎక్కువ వస్తుందని చెబితే, ఆ పెయింటింగు ఖర్చు ఆయన్నే పెట్టుకోమనండి. మీరు మాత్రం కారు ఉన్నది ఉన్నట్టు అమ్మండి.